కర్నూలులో దిగే కొత్తవాళ్లకు

శ్రోతలకు నమస్కారం.

కర్నూలు బస్టాండులో దిగేవాళ్లలో చాలామంది కర్నూలు చూడ్డానికి రారు. మంత్రాలయం పోవాలనో, శ్రీశైలం పోవాలనో, అలంపురం జోగులాంబ దర్శనం చేసుకోవాలనో, మహానంది, యాగంటి ఒకే రోజులో చుట్టి రావాలనో వచ్చి ఇక్కడ బస్సు మారతారు. చేతుల్లో బ్యాగులు, వెంట పిల్లలు, నడవలేని పెద్దవాళ్లు, దర్శనం వేళ దాటిపోతుందేమోనని టెన్షన్. మోసం చేసేవాడికి కావలసింది ఈ తొందరే. ఆలోచించుకునే వ్యవధి లేని మనిషిని వాడు దూరం నుంచే గుర్తుపడతాడు.

బస్సు దిగగానే ఒకాయన ఎదురొస్తాడు. "శ్రీశైలం బస్సు ఇప్పుడే పోయింది, మళ్లీ సాయంత్రం దాకా లేదు, మా కారులో రండి" అంటాడు. ఆ మాట నిజమో కాదో చెప్పాల్సింది ఆర్టీసీ విచారణ కౌంటరు. నాలుగడుగులు వేసి అడిగాకే ఏ కారైనా ఎక్కండి.

కారే కావాలనుకుంటే మాత్రం బేరం పూర్తిగా మాట్లాడుకోవాలి. కిలోమీటరుకు ఎంత, రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్లు లెక్కగడతారు, లెక్క మీరు ఎక్కిన చోటి నుంచా, కారు షెడ్డు నుంచా, డ్రైవర్ బత్తా, టోలు ఎవరివి, ఇవన్నీ ముందే తేలాలి. అలంపురం తుంగభద్రకు అవతల, తెలంగాణలో ఉంది కాబట్టి పర్మిట్ ఖర్చు సంగతి కూడా అడగండి. మాట్లాడుకున్నదంతా వాట్సాప్‌లో రాసి డ్రైవరుకు పంపి, "సరే" అని జవాబు వచ్చాకే బయల్దేరండి. శ్రీశైలానికైతే పొద్దున్నే పోవడం మేలు. దోర్నాల దాటాక నల్లమల అడవి, రాత్రిపూట గేటు వేస్తారు. అక్కడ ఆగిపోతే వెయిటింగ్ చార్జీ మీ నెత్తిన పడుతుంది.

ఆటోల సంగతి. మా ఊళ్లో ఎక్కువమంది ఆటోవాళ్లు కష్టపడి బతికేవాళ్లే. పోగొట్టుకున్న బ్యాగు వెతుక్కుంటూ వచ్చి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. గొడవంతా సగం చెప్పిన మాట దగ్గరే. "కొండారెడ్డి బురుజుకు ఎంతన్నా?" అంటే "అరవై" అంటాడు. నలుగురూ ఎక్కుతారు. దిగాక "మనిషికి అరవై" అంటాడు. అందుకే ఎక్కకముందే "మనిషికా, ఆటోకా?" అని అడిగేయండి. లాడ్జి పేరు చెబితే "అది ఫుల్ అయిపోయింది, వేరేది చూపిస్తా" అనేవాడికి ఆ వేరే లాడ్జిలో కమీషన్ ఉండే అవకాశముంది. మీరే ఫోన్ చేసి కనుక్కోండి. రైల్లో వచ్చేవాళ్లకు ఒక మాట: మంత్రాలయం రోడ్ స్టేషన్ మంత్రాలయం ఊళ్లో లేదు. మఠానికి అక్కడి నుంచి సుమారు 15 కిలోమీటర్లు పోవాలి. ఆ సంగతి తెలిసి దిగితే ఆటో బేరం దగ్గర తడబడరు.

ఇంటి దగ్గరే జరిగిపోయే మోసం ఇంకొకటి ఉంది. శ్రీశైలంలో గది కావాలని ఫోన్‌లో వెతుకుతాం. సత్రం పేరుతో, గది ఫోటోలతో ఒక పేజీ, దానికింద ఒక నంబరు కనిపిస్తాయి. ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడి అడ్వాన్సు పంపమంటారు. పంపాక "బుకింగ్ కన్ఫర్మ్ కాలేదు, మళ్లీ పంపండి, పాతది వెనక్కి వస్తుంది" అంటారు. కుటుంబమంతా కొండ ఎక్కాక సత్రంవాళ్లు రిజిస్టరు చూసి, ఆ పేరే లేదంటారు. ముసలి తల్లిదండ్రులతో రాత్రివేళ అక్కడ నిలబడటం ఎంత కష్టమో ఆలోచించండి. శ్రీశైలం గదులు దేవస్థానం సొంత వెబ్‌సైట్‌లో, మంత్రాలయం గదులు మఠం ద్వారానే తీసుకోండి. దేవస్థానం, మఠం పేరు కాకుండా ఎవరో ఒక మనిషి పేరు మీద ఉన్న ఖాతాకు డబ్బు పంపమంటే అక్కడే ఆపేయండి.

ఇక వజ్రాలు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది మా వైపు ఎక్కువ. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పొలాల్లో వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. దొరికినవాళ్లు ఉన్నమాట నిజమే. ఆ నిజం చుట్టూనే మోసం అల్లుకుంటుంది. టీకొట్టు దగ్గర ఒకడు గుడ్డలో చుట్టిన రాయి తీస్తాడు. పొద్దున పొలంలో దొరికిందని, వ్యాపారులు తక్కువకు అడుగుతున్నారని, ఇంట్లో ఆస్పత్రి ఖర్చు ఉందని చెబుతాడు. పక్కన కూర్చున్న ఇంకొకడు, ఎవరో తెలియనట్టు, ఆ రాయి చేతిలోకి తీసుకుని "ఇది లక్షల సరుకు" అంటాడు. ఇద్దరూ ఒక జట్టే.

గాజు మీద గీత పెట్టి చూపిస్తారు. పలుగురాయి కూడా గాజు మీద గీత పెడుతుంది. రాళ్ల గట్టిదనం చెప్పే మోస్ కొలతలో గాజుది సుమారు 5.5, పలుగురాయిది 7, వజ్రానిది 10. కాబట్టి ఆ గీతతో తేలేదేమీ లేదు. పెన్నులాంటి మిషన్ పెట్టి కూత వినిపిస్తారు. వేడిని మాత్రమే చూసే అలాంటి మిషన్ మొయిసనైట్ అనే రాయికి కూడా వజ్రమనే కూస్తుంది. సాన పట్టని వజ్రం నగల షాపులోదానిలా మెరవదు, పటికముక్కలా మసకగా ఉంటుంది. పొలంలో దొరికిందంటూ పలకలు తీరి ధగధగలాడే రాయి చూపిస్తే అనుమానించండి. "రత్నాల ల్యాబుకు పోదాం, కాగితం వచ్చాక డబ్బు ఇస్తా" అని చెప్పండి. వాడు రాడు.

వజ్రాలు వెతకడానికి పోయినవాళ్లు విత్తనం వేసిన పొలాలు తొక్కకండి, రైతును అడిగి దిగండి. దగ్గర్లోనే ఎర్రగుడి ఉంది, బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. రెండువేల ఏళ్లకు పైబడిన ఆ రాతలు చూడకుండా వెనక్కి రాకండి.

డబ్బు చెల్లింపుల్లో ఒక్కటి గట్టిగా చెబుతాను. డబ్బు మీకు రావాలంటే మీరు పిన్ కొట్టాల్సిన పని లేదు, క్యూఆర్ స్కాన్ చేయాల్సిన పనీ లేదు. "పర్సు పోయింది, ఫోన్‌పే చేస్తా, క్యాష్ ఇవ్వండి" అని చూపించే స్క్రీన్‌షాట్‌ను నమ్మకండి. మీ ఖాతాలో జమ అయిందో లేదో మీరే చూసుకున్నాక ఇవ్వండి.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. లావాదేవీ నంబరు, టైము, అవతలివాళ్ల యూపీఐ ఐడీ దగ్గర పెట్టుకోండి. డబ్బు వాళ్ల ఖాతా నుంచి ఇంకో చోటికి మారకముందే చెబితే దాన్ని ఆపడానికి వీలుంటుంది. సిగ్గుపడి ఇంటికి పోయాక చూద్దాంలే అనుకుంటే ఆ అవకాశం తగ్గిపోతుంది. ఎవరైనా బెదిరిస్తే పోలీసుల ఎమర్జెన్సీ నంబరు 112.

కర్నూలువాళ్లకు నాదొక మనవి. బస్టాండు చుట్టుపక్కల టీకొట్లు, పూలబండ్లు నడిపే అన్నలూ అక్కలూ, మీకు ఇక్కడి చార్జీలన్నీ తెలుసు. ఎవరైనా పెద్దావిడ ఒంటరిగా సంచితో నిలబడి దారి అడిగితే, ఆటో ఆపి, రేటు మీరే మాట్లాడి, ఆటో నంబరు ఆమె ఫోన్‌లో ఫోటో తీసిపెట్టి ఎక్కించండి.

నమస్కారం.