నెల సరుకులు మన సందులోనే కొందాం

హోస్ట్: నమస్కారం అండీ. ఈరోజు నెల్లూరు మూలాపేట సందుల్లో ఉన్న చిన్న అంగళ్ల గురించి మాట్లాడుకుందాం. వాటిలో ఒకదాన్ని భర్తతో కలిసి నడుపుతున్న అక్క మనతో ఉన్నారు. అక్కా, నేరుగా అడిగేస్తా, జనం రావడం తగ్గిందా?

అక్క: రాకేం అబ్బయ్యా, వస్తారు. పొద్దున పాల ప్యాకెట్‌కి, సాయంత్రం కొత్తిమీరకి, చుట్టాలొచ్చి చక్కెర అయిపోతే పరిగెత్తుకుంటూ వస్తారు. నెల సరుకులు మాత్రం ఫోన్‌లో బుక్ చేస్తారు, లేదంటే మాగుంట లేఅవుట్ వైపు పెద్ద షాపులకి పోయి కారు నిండా తెచ్చుకుంటారు. పాల ప్యాకెట్ మీద మాకు మిగిలేదెంతని? కందిపప్పు, ఎండుమిర్చి, చింతపండు లాంటి విడి సరుకుల మీదే నాలుగు డబ్బులు కనిపిస్తాయి. ఆ బేరం బయటికి పోతే అంగడి నిలబడదు.

హోస్ట్: అక్కడ రేటు తక్కువ అంటారు కదా.

అక్క: కొన్నిటికి తక్కువే, కాదనను. వాళ్లు లారీల లెక్కన కొంటారు, మేము స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ బజారుకి పోయి పెట్టెల లెక్కన తెచ్చుకుంటాం. ఇంకోటి, వాళ్లకి డబ్బులు అప్పటికప్పుడే వస్తాయి, మాకు సగం ఖాతానే. సరుకు వేసినాయన వారానికే డబ్బు అడుగుతాడు, ఖాతా వాళ్లేమో జీతం పడ్డాక ఇస్తారు, ఆ మధ్యలో మా చేతి డబ్బు తిప్పాలి, అది చాలకపోతే వడ్డీకి తేవాలి. చేతిలో డబ్బులున్నప్పుడు ఆన్‌లైన్‌కి, లేనప్పుడు మా దగ్గరికి అంటే ఎట్లా?

హోస్ట్: మరి ఖాతా ఆపేయొచ్చు కదా అక్కా?

అక్క: ఎట్లా ఆపుతాం? వానలు పట్టుకుంటే కూలికి పోయేవాళ్లకి పని ఉండదు. వాళ్లకి యాప్ వాళ్లు అరకిలో బియ్యం అప్పిస్తారా? 2020 లాక్‌డౌన్‌లో ఎవరింట్లో పొయ్యి వెలగలేదో ఈ సందులో ముందు మాకే తెలిసింది. జీతాలున్నవాళ్లు నగదు ఇచ్చి కొంటేనే లేనివాళ్లకి ఖాతా నడపగలం, అంతే లెక్క.

హోస్ట్: మూడు అంగళ్లు కలిసి సరుకు తెస్తున్నారట?

అక్క: అవును, నూనె, చక్కెర, బియ్యం. ఆటో బాడుగ ముగ్గురం పంచుకుంటాం, ఎక్కువ తీసుకుంటాం కాబట్టి హోల్‌సేల్ ఆయన కూడా కాస్త తగ్గిస్తాడు. బియ్యం బస్తాలు ఇప్పుడు 26 కిలోలవి వస్తున్నాయి చూడు, 2022 జూలైలో 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగ్ బియ్యానికి 5 శాతం జీఎస్టీ పెట్టాక మిల్లులోళ్లు అట్లా మార్చారు. ఒక్కసారే అంత బస్తా కొనలేని ఇల్లుంటే మేము రెండు కిలోలైనా తూచి ఇస్తాం.

హోస్ట్: సందు మొదట్లో కూరగాయల బండ్లు ఉన్నాయి, మీకు పోటీ కాదా?

అక్క: పోటీనా! ఆ బండ్లుంటేనే మాకు బేరం. కూరలకి వచ్చినావిడ పోపుగింజలు మా దగ్గరే తీసుకుంటుంది. వాళ్లని అక్కణ్ణుంచి లేపేస్తారేమోనని మాకే టెన్షన్.

హోస్ట్: వినేవాళ్లకి ఒక విషయం చెప్పాలి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, ఊళ్లో వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది ఆ వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. బండ్లు ఎక్కడ పెట్టుకోవాలో తేల్చేటప్పుడు వాళ్ల మాట వినాల్సిందే. మీ ఊరి కమిటీలో ఎవరున్నారో మున్సిపల్ ఆఫీసులో అడగండి. సరే అక్కా, మేమేం చేయాలో చెప్పండి.

అక్క: ఆన్‌లైన్ పూర్తిగా మానేయమనను. పప్పులు, బియ్యం, మిరపకాయలు మాత్రం మీ సందులో తీసుకోండి. చీటీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే సాయంత్రానికి ఇంటికి పంపిస్తాం, పురుగు కనిపిస్తే వెనక్కి తెచ్చేయండి, మారు మాట్లాడకుండా మార్చిస్తాం. ఖాతా ఉన్నవాళ్లు జీతం పడగానే ముందు అది కట్టేయండి. ఇంకా, ఉదయగిరి చెక్క గరిటెలు కూడా పెట్టాం, మన జిల్లా వాళ్ల చేతిపని, ఫలానా ఊరి సరుకని ప్రభుత్వం ఇచ్చే జీఐ గుర్తింపు కూడా ఉంది. ఈసారి గరిటె కొనేటప్పుడు అవి అడగండి.