అమ్మ తిరిగొచ్చాక పాప ఏం చేసింది?

[తెరపై: గది బొమ్మ. రెండు కుర్చీలు, నేల మీద ఆటవస్తువులు, ఏడాది పాప, తల్లి.]

నమస్కారం. అమెరికాలోని బాల్టిమోర్‌లో మేరీ ఐన్స్‌వర్త్ అనే సైకాలజిస్టు ఇలాంటి గదిలో ఏడాది వయసు పిల్లల్ని, వాళ్ల తల్లుల్ని గమనించారు. అంతా కలిపి ఇరవై నిమిషాల పని. మధ్యలో తల్లి పాపను వదిలి బయటికెళ్తుంది, కాసేపటికి తిరిగొస్తుంది.

అమ్మ వెళ్లినప్పుడు పాప ఎంత ఏడ్చిందన్నదే లెక్క అనుకుంటాం. ఐన్స్‌వర్త్ అంతకన్నా ముఖ్యంగా చూసింది, అమ్మ తిరిగొచ్చాక పాప ఏం చేసిందన్నది.

[తెరపై: తలుపు తెరుచుకుంటుంది. ముగ్గురు పిల్లలు, మూడు రకాలుగా.]

చాలామంది పిల్లలు అమ్మ చంకెక్కి, కాసేపటికి నెమ్మదించి, మళ్లీ ఆటలో పడ్డారు. కొందరు ఎత్తుకోమని చేతులు చాచి, తీరా ఎత్తుకుంటే కాళ్లతో తన్నారు, ఎంతకీ ఊరుకోలేదు. ఇంకొందరు తలైనా తిప్పకుండా బొమ్మతో ఆడుతూ ఉండిపోయారు. ఈ మూడోరకం పిల్లల్ని చూస్తే మనవాళ్లు "ఎంత బుద్ధిమంతుడో!" అంటారు. తర్వాతి పరిశోధనల్లో గుండె వేగం కొలిస్తే తెలిసింది, పైకి నిమ్మళంగా ఉన్నా ఆ పిల్లలకు లోపల కంగారుగానే ఉందని.

ఆ ఫలితాలు 1978లో పుస్తకంగా వచ్చాయి. 1987లో హేజన్, షేవర్ అనే ఇద్దరు పరిశోధకులు పెద్దవాళ్ల ప్రేమల్లోనూ ఇవే తీరులు కనిపిస్తాయని చూపించారు.

[తెరపై: రాత్రి. డైనింగ్ టేబుల్. మూత పెట్టిన గిన్నెలు.]

హైదరాబాద్‌లో ఓ కొత్త జంట అనుకుందాం. అతను ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చాడు. ఆమె ఆరుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు.

"అన్నం పెట్టాను, తిను."
"ఏమైంది?"
"ఏం కాలేదు."

అతను ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోయాడు. ఇతనికి నేనంటే లెక్కే లేదని ఆమెకు. ఏం మాట్లాడినా గొడవేనని అతనికి. ఇద్దరికీ ఉన్నది భయమే. ఆమెలో అది అలకగా బయటపడింది, అతనిలో ముభావంగా.

ఇక్కడ మార్చగలిగేది ఆ తిరిగి కలిసే క్షణాన్నే. "నువ్వు ఫోన్ ఎత్తకపోతే నాకు భయమేస్తుంది. మీటింగ్‌లో ఉంటే ఒక్క మెసేజ్ పెట్టు, చాలు" అని ఆమె అనొచ్చు. "నాకిప్పుడు మాట రావట్లేదు, పది నిమిషాల్లో వస్తాను" అని అతను అనొచ్చు. అన్నాక పది నిమిషాలకు రావాలి. నమ్మకం కుదిరేది అక్కడే. స్పేస్ కావాలంటూ మూడు రోజులు మాటలు మానేస్తే, అవతలివాళ్లకు అది శిక్షే.

మొదటిసారి ఇలా మాట్లాడితే నాటకంలా అనిపిస్తుంది. పర్వాలేదు, మాట్లాడండి. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే పరిశోధకుడు తల్లీబిడ్డల వీడియోలను క్షణం క్షణం పరిశీలిస్తే, అన్యోన్యంగా ఉండే తల్లీబిడ్డల్లో కూడా ఇద్దరికీ శ్రుతి కలిసే సమయం తక్కువే. కలవనప్పుడల్లా మళ్లీ కలుపుకుంటూ ఉన్నారు, అంతే. కాబట్టి గొడవ పడ్డామని బంధం చెడిపోయిందనుకోనక్కర్లేదు.

[తెరపై: ట్రంకు పెట్టె. హాస్టల్ మంచం.]

ఇప్పుడు నాకు చాలా ముఖ్యమనిపించే మాట. మేరీ మెయిన్ అనే పరిశోధకురాలు తల్లిదండ్రులను కూర్చోబెట్టి వాళ్ల చిన్ననాటి సంగతులు అడిగారు. కష్టమైన బాల్యం గడిపినా, దాని గురించి దాచకుండా, కొట్టుకుపోకుండా, తెలివిడిగా చెప్పగలిగినవాళ్లు ఉన్నారు. వాళ్ల పిల్లలు చాలావరకు, ఆ గదిలోని మొదటిరకం పిల్లల్లా, అమ్మానాన్నల దగ్గర భద్రంగానే ఉన్నారు. అంటే బాల్యం మారకపోయినా, దాన్ని మనం చూసే తీరు మారుతుంది.

మన దగ్గర అడిగి చూడండి. "మా అమ్మానాన్న దేవుళ్లు" అంటారు, అక్కడితో ఆగిపోతారు. ఆరో తరగతిలో హాస్టల్లో దింపిన రోజు గురించి అడిగితే నవ్వేసి మాట మారుస్తారు. వారానికోసారి ఫోనొస్తే "బాగానే ఉన్నా నాన్నా" అని చెప్పడం అలవాటైన పిల్లాడు, ముప్పై ఏళ్లొచ్చాక భార్యకూ అదే చెప్తాడు. అమ్మానాన్న మన కోసమే కష్టపడ్డారు, ఆ రాత్రుళ్లు మనం ఏడ్చిందీ నిజమే. రెండూ కలిపి చెప్పినంత మాత్రాన కన్నవాళ్లను తప్పుపట్టినట్టు కాదు. నమ్మకమైన స్నేహితుడికో, అక్కకో, కౌన్సెలర్‌కో చెప్పండి.

[తెరపై: 14416, 181]

ఒక్క హెచ్చరిక. అవతలి మనిషి కొడుతున్నా, బెదిరిస్తున్నా, పదేపదే మోసం చేస్తున్నా మీ భయం సరైనదే. దాన్ని మీ అభద్రత ఖాతాలో వేసుకోకండి. అలాంటప్పుడు మహిళలు 181కి ఫోన్ చేయవచ్చు. మనసు బాగోలేక ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416. డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.