గోల్ఫ్ చిప్ షాట్ టెంపోకి మెట్రోనోమ్ యాప్ పనికొస్తుందా? సరైన సెట్టింగ్‌తో రివ్యూ

నమస్కారమండీ. ఇవాళ రివ్యూ చేస్తున్నది కొత్త వెడ్జ్ (గోల్ఫ్‌లో దగ్గరి షాట్లకి వాడే క్లబ్) కాదు, టిక్ టిక్‌మంటూ లయ చూపించే, ఫోన్‌లో ఉండే మామూలు మెట్రోనోమ్ యాప్. గ్రీన్ (రంధ్రం ఉండే నున్నటి పచ్చిక) చుట్టూ 30 గజాల లోపు ఆటకి, అంటే బంతిని తక్కువ ఎత్తులో లేపి దొర్లించే చిప్ షాట్లకి, ఇది పనికొస్తుందా అంటే, చాలా బాగా పనికొస్తుంది. కాకపోతే ఎక్కువమంది పెట్టుకునే సెట్టింగే సరైంది కాదు.

మామూలుగా 66 బీపీఎం (నిమిషానికి 66 బీట్లు) పెట్టుకుంటారు. ఒక టిక్‌కి క్లబ్ వెనక్కి, తర్వాతి టిక్‌కి బంతి. మొత్తం 0.9 సెకను, అంతవరకు బాగానే ఉంది. కానీ మధ్యలో ఏం జరిగిందో యాప్ పట్టుకోలేదు. క్లబ్‌ని గబుక్కున వెనక్కి లాగేసి, కిందికి బెరుకు బెరుకుగా తెచ్చినా టిక్ మాత్రం కలిసిపోతుంది. షార్ట్ గేమ్‌కి, అంటే గ్రీన్ దగ్గరి ఈ ఆటకి, కావాల్సింది దాదాపు 2:1. వెనక్కి రెండు వంతుల సమయం, కిందికి ఒక వంతు. ఫుల్ స్వింగ్‌లో అయితే అది 3:1 దగ్గర ఉంటుంది.

అందుకని సెట్టింగ్ ఇలా మార్చండి. 200 బీపీఎం, బార్‌కి 3 బీట్లు, మొదటి బీట్ గట్టిగా వినపడాలి. ఇప్పుడు వినండి... తకిట, తకిట, తకిట. 'త' దగ్గర క్లబ్ కదలాలి, 'ట' దగ్గర దిశ మారాలి, మళ్ళీ వచ్చే 'త'కి బంతి తగలాలి. వెనక్కి 0.6, కిందికి 0.3 సెకను. మొదటి రెండు తకిటలు ఊరికే వినండి, మూడోదానికి మొదలుపెట్టండి. వినీ వినకుండానే మొదలుపెడితే శబ్దాన్ని తరుముకుంటూ తొందరపడతారు. సహజంగానే చురుగ్గా ఆడేవాళ్ళకి 200 మందకొడిగా అనిపిస్తే 225 పెట్టుకోవచ్చు.

సరిగ్గా వచ్చిందో లేదో ఫోన్ స్లో మోషన్‌లో చూసుకోండి. సెకనుకి 240 ఫ్రేములైతే, 200 బీపీఎం దగ్గర వెనక్కి 144, కిందికి 72 రావాలి. అటూ ఇటూ పది ఫ్రేములు తేడా వస్తే పట్టించుకోకండి. వెనక్కి 110, కిందికి 100 వచ్చిందంటే మాత్రం అసలు జబ్బు అక్కడుంది.

అలాంటి స్వింగ్‌ని ఒకసారి ఊహించుకోండి. బ్యాక్‌స్వింగ్ అవసరానికి మించి పొడుగైంది. బంతి దూరం పోతుందేమోనని ఛాతీ తిరగడం ఆగింది, చేతులూ ఆగాయి. క్లబ్‌హెడ్ ఆగదు కదా, చేతుల్ని దాటేసింది. షాఫ్ట్ వెనక్కి వాలిపోయింది. స్వింగ్ అడుగు బంతికి వెనకే పడి ముందు నేల తగిలితే ఫ్యాట్. అప్పటికే క్లబ్ పైకి లేస్తూ ఉంటే క్లబ్ కింది ముందు అంచు (లీడింగ్ ఎడ్జ్) బంతి నడుముకి తగిలి, బంతి గ్రీన్ దాటి అవతల పడుతుంది. రెండింటికీ మూలం ఒక్కటే. బ్యాక్‌స్వింగ్ మరీ పొట్టిగా చేసేవాళ్ళది ఇంకో రకం. చివర్లో కుడిచేత్తో పొడుస్తారు, గ్రిప్ బిగుసుకుంటుంది.

దూరాన్ని వేగంతో కాదు, స్వింగ్ పొడుగుతోనే మార్చాలి. ఊయల కొంచెం ఊగినా కాస్త ఎక్కువ ఊగినా ఒక ఊపుకి పట్టే సమయం దాదాపు ఒకటే. చిప్ కూడా అలాగే. క్లబ్‌హెడ్ మోకాలి ఎత్తు, తొడ ఎత్తు, నడుము ఎత్తు. ఒక్కోదానికి పది బంతులు, ఒకే వెడ్జ్, ఒకే తకిట. బంతి నేల తాకిన చోటుని గజాల్లో రాసుకోండి, ఆగిన చోటుని కాదు. ఎందుకంటే దొర్లడం గ్రీన్‌ని బట్టి మారిపోతుంది.

బంకర్‌లోనూ (ఇసుక గుంటలోనూ) లయ ఇదే. బంతికి ఓ 5 సెంటీమీటర్లు వెనక ఇసుకలోకి క్లబ్ దిగాలి కాబట్టి స్వింగ్ బాగా పొడుగు కావాలి. ఇసుకని చూసి విసురు పెంచకండి.

యాప్‌తో ఇబ్బందులూ ఉన్నాయి. కొన్నిట్లో యాక్సెంట్ (గట్టిగా వినపడాల్సిన మొదటి బీట్) శబ్దం మిగతా బీట్లలో కలిసిపోతుంది. అలాంటివి వద్దు. పైగా నిలబడే తీరుని ఇది సరిచేయదు. బంతి ముందు పాదానికి మరీ దగ్గరగా ఉన్నా, బరువు వెనక కాలి మీద ఉన్నా తకిట ఎంత చక్కగా పలికినా ఫ్యాటే వస్తుంది. చిప్‌కి బరువులో 60 శాతం పైగా ముందు కాలి మీద ఉంచండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. రౌండ్ ఆడుతూ టెంపో కోసం ఇది వినడం గోల్ఫ్ రూల్ 4.3 ప్రకారం నిషేధం. మొత్తం స్ట్రోకులు లెక్కపెట్టే స్ట్రోక్ ప్లేలో మొదటిసారి 2 స్ట్రోకుల పెనాల్టీ, విడిగా రెండోసారి జరిగితే డిస్‌క్వాలిఫై. మనసులో తకిట అనుకోవడానికి ఏ అడ్డూ లేదు. అందుకే ప్రాక్టీస్‌లో చివరి పది బంతులు శబ్దం ఆపేసి కొట్టండి, వాటినే స్లో మోషన్‌లో తీసి ఫ్రేములు లెక్కపెట్టుకోండి.