డచ్ సొంతంగా నేర్చుకుంటున్నారా? తెలుగుని పక్కన పెట్టకండి

[స్క్రీన్ మీద ఒక డచ్ వాక్యం. ఒక్కో మాట కింద తెలుగు మాట వచ్చి కూర్చుంటుంది.]

ముందు ఈ వాక్యం వినండి. "ఓమ్‌దాత్ ఇక్ మోర్ఖెన్ మెత్ ద త్రెయ్‌న్ నార్ ఆమ్‌స్తర్‌దామ్ ఖా."

ఓమ్‌దాత్ అంటే ఎందుకంటే. ఇక్ అంటే నేను. మోర్ఖెన్, రేపు. మెత్ ద త్రెయ్‌న్, ట్రైన్‌లో. నార్ ఆమ్‌స్తర్‌దామ్, ఆమ్‌స్టర్‌డామ్‌కి. చివర్లో ఖా, వెళ్తున్నాను. ఇప్పుడు కింది వరస చదవండి: "ఎందుకంటే నేను రేపు ట్రైన్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌కి వెళ్తున్నాను." ఒక్క మాట కూడా అటూ ఇటూ జరపలేదు.

నేను మొదట కొన్న సెల్ఫ్ స్టడీ కోర్సులో ఈ పాఠం ముందు పెద్ద హెచ్చరిక ఉంది. క్రియ వాక్యం చివరికి పోతుంది, కంగారు పడకండి, అలవాటు కావడానికి టైమ్ పడుతుంది అని. అది చూసి నేను నిజంగానే కంగారు పడ్డాను. రెండు వారాలు ఆ పాఠం జోలికే పోలేదు. ఆ కోర్సు రాసింది ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళ కోసమని, క్రియ చివర రావడం వాళ్ళకి వింత గానీ మనకి కాదని నాకు తట్టనే లేదు. పుట్టినప్పటి నుంచి మనం క్రియ చివరే పెడుతున్నాం కదా!

అందరికీ నమస్కారం. మాది బందరు, ఇప్పుడు ఉండేది నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో. డచ్ నేర్చుకుంటున్నానంటే మా నాన్న ఫోన్‌లో నవ్వారు. "మన ఊళ్ళో వలందపాలెం ఉంది కదా, ఆ వలందల భాషేనా?" అన్నారు. అవును, హాలండ్ వాళ్ళే మన నోట్లో వలందలయ్యారు. 1600ల మొదట్లోనే బందరు రేవులో దిగి మన అద్దకం బట్టలు ఓడలకెక్కించారు. వాళ్ళు వచ్చి మన భాష ఎంత నేర్చుకున్నారో గానీ, వాళ్ళ భాష నేర్చుకునే పని ఇప్పుడు నా మీద పడింది.

ఈ వీడియోలో క్లాసుకి వెళ్ళకుండా, ఇంట్లో కూర్చుని డచ్ మొదలుపెట్టేవాళ్ళకి నాలుగు మాటలు చెప్తాను. ముఖ్యంగా మనకి ఏది తేలిక, ఏది నిజంగా కష్టం అనేది.

[స్క్రీన్ మీద: శబ్దాలు]

నేను ఖ అని రాసిన చోటల్లా అది మామూలు ఖ కాదు. డచ్‌లో జీ అక్షరానికి వచ్చే శబ్దం అది. హైదరాబాద్ పాతబస్తీలో ఖుబానీ కా మీఠా అనేటప్పుడు ఆ ఖ గొంతులో గీరుకుంటూ వస్తుంది చూడండి, అచ్చం అదే. నేను నాలుగేళ్ళు హైదరాబాద్‌లో చదివాను కాబట్టి ఇది ఉచితంగా వచ్చేసింది. ఇంకో సంగతి. నేనుండే బ్రబాంట్ వైపు, అంటే దేశానికి దక్షిణాన, ఈ శబ్దాన్ని మెత్తగా పలుకుతారు. ఆమ్‌స్టర్‌డామ్ వైపు బాగా గీరతారు. కోర్సు ఆడియోలో ఎక్కువగా వినపడేది ఆ గీరుడే. మీ ఊళ్ళో వేరేగా వినిపిస్తే మీ చెవిది తప్పు కాదు.

త, ద, ప, క లు కూడా మనకి కలిసొస్తాయి. ఇంగ్లిష్‌లో పెన్ అంటే నోట్లోంచి గాలి వస్తుంది. డచ్‌లో రాదు, మన పలకలో ప లాగే ఉంటుంది. అందుకే ఇంగ్లిష్ యాస పెట్టి డచ్ మాట్లాడకండి, తెలుగు నోటితోనే మాట్లాడండి. హ్రస్వం, దీర్ఘం కూడా అంతే. డచ్‌లో జోన్ అని పొట్టిగా అంటే సూర్యుడు, ఓ ని సాగదీస్తే కొడుకు. కల, కాల తేడా తెలిసిన చెవికి ఇది ఒక లెక్కా?

నిజంగా కష్టపెట్టేవి రెండు అచ్చులు. ఒకటి, మీరు అనే అర్థం వచ్చే మాట. డచ్‌లో అది ఒక్క అక్షరమే, నేను ఊ అని రాస్తున్నాను గానీ అది ఊ కాదు. పెదవులు ఊ అన్నట్టు పెట్టి, లోపల ఈ అనండి. రెండోది ఇల్లు అనే మాటలోది. నోరు ఎయ్ అంటుంటే పెదవులు మాత్రం వేడి టీ ఊదుతున్నట్టు గుండ్రంగా ఉండాలి. అద్దం ముందు నిలబడి చేయండి. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి.

[స్క్రీన్ మీద: వాక్యం]

మళ్ళీ మన వాక్యానికి వద్దాం, అసలు సరుకంతా ఇక్కడే ఉంది. ఎందుకంటే అనే మాట తీసేసి మామూలు వాక్యంగా చెబితే ఒక మార్పు వస్తుంది. "ఇక్ ఖా మోర్ఖెన్ మెత్ ద త్రెయ్‌న్ నార్ ఆమ్‌స్తర్‌దామ్." ఖా లేచి రెండో కుర్చీలోకి వచ్చేసింది. మిగతావాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడే: ఎప్పుడు, ఎలా, ఎక్కడికి. ఇంగ్లిష్‌లో ఐ యామ్ గోయింగ్ టు ఆమ్‌స్టర్‌డామ్ బై ట్రైన్ టుమారో అంటాం, అంటే ఈ వరస పూర్తిగా తలకిందులు. డచ్ కోర్సుల్లో దీనికి ఒక సూత్రం చెప్పి బట్టీ పట్టిస్తారు. మీరు పట్టకండి. తెలుగులో వాక్యం అనుకుని క్రియని మాత్రం తెచ్చి రెండో చోట పెట్టండి, అంతే.

రేపుతో మొదలుపెట్టినా క్రియ రెండో కుర్చీ వదలదు. "మోర్ఖెన్ ఖా ఇక్..." అంటే రేపు, వెళ్తున్నాను, నేను. ఇక్కడ నేను అనే మాట పక్కకి జరగాలి. తప్పులు ఎక్కువగా చేసేది ఇక్కడే. నేను ఇప్పటికీ చేస్తాను.

భూతకాలం ఇంకా ముచ్చటగా ఉంటుంది. "ఇక్ హెప్ ఖిస్తరెన్ రెయ్‌స్త్ ఖెఖేతెన్." నేను, హెప్, నిన్న, అన్నం, తిన్నాను. ఇంగ్లిష్ హావ్ లాంటి ఆ హెప్ ఒక్కటి రెండో కుర్చీలో కూర్చుంటుంది, తినడం మాత్రం మనలాగే చివర్న.

ఇక ప్రతి కోర్సూ భయపెట్టే విషయం ద, హెత్. ఇవి ఇంగ్లిష్ ది లాంటివి, ప్రతి నామవాచకానికీ ఈ రెండిట్లో ఏదో ఒకటే కుదురుతుంది. మనకి పుస్తకానికి లింగం అడిగే అలవాటు లేదు కాబట్టి ఇది మనకీ కష్టమే, ఒప్పుకుంటాను. ఎక్కువ మాటలు ద వైపే ఉంటాయి. మాట చివర ఇంగ్ గానీ హెయ్‌త్ గానీ వస్తే ద. బహువచనం ఏదైనా సరే ద. చిన్నది, ముద్దుది అని చెప్పడానికి చివర య అనే తోక తగిలిస్తారు, ఆ తోక ఉంటే మాత్రం ఏకవచనంలో ఎప్పుడూ హెత్. డచ్ వాళ్ళు ఈ తోకని కాఫీ కప్పుకీ, బిల్లు కాగితానికీ, బీరుకీ కూడా తగిలిస్తారు. కాబట్టి మాట లింగం గుర్తు రాకపోతే దాన్ని చిన్నది చేసేయండి. ఇది దొంగదారే, కానీ వాళ్ళూ రోజూ అదే దారిన పోతారు. కార్డులు రాసుకునేటప్పుడు మాత్రం ద, హెత్ లేకుండా ఒక్క మాట కూడా రాయకండి. నేను మొదటి రెండొందల కార్డులు అలాగే రాసి మళ్ళీ మొదటి నుంచి రాసుకున్నాను.

నువ్వు, మీరు తేడా డచ్‌లోనూ ఉంది: య, ఊ. మనకి తెలిసిందే కదా అనుకుంటాం, కానీ వాడకం వేరు. ఆఫీసులో మేనేజర్‌ని కూడా య అంటారు. మా మేనేజర్ నాకన్నా ఇరవయ్యేళ్ళు పెద్ద. ఆయన్ని నువ్వు అనడానికి నాకు నోరు రావడానికే నెల పట్టింది.

[స్క్రీన్ మీద గడియారం: రెండున్నర]

ఇప్పుడు నా దెబ్బ గురించి చెప్పాలి. పంటి డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేశాను. ధైర్యం చేసి డచ్‌లోనే మాట్లాడాను. అవతల ఆవిడ "హాల్ఫ్ ద్రీ" అంది. హాల్ఫ్ అంటే అర, ద్రీ అంటే మూడు. మూడున్నర అని రాసుకుని, మంగళవారం మూడుంబావుకే వెళ్ళి బుద్ధిగా కూర్చున్నాను. నా టైమ్ దాటిపోయి ముప్పావు గంటయిందట! రానందుకు తర్వాత బిల్లు కూడా పంపారు.

హాల్ఫ్ ద్రీ అంటే రెండున్నర. మనం అయిపోయిన గంట చెప్పి దాని మీద అర వేస్తాం. వాళ్ళు రాబోయే గంట చెప్పి దానిలో సగం అంటారు. అంతటితో అయిపోలేదు. రెండు ఇరవై అయిదుని "ఫెయ్‌ఫ్ ఫోర్ హాల్ఫ్ ద్రీ" అంటారు, అంటే మూడులో సగానికి ఇంకా అయిదు నిమిషాలు ఉందని. ఆ ఇరవై అయిదు అనే అంకె కూడా వాళ్ళకి తిరగేసే ఉంటుంది: "ఫెయ్‌ఫ్-ఎన్-త్వింతఖ్", అయిదూ ఇరవై. ఎవరైనా ఫోన్ నంబర్ చెబుతుంటే నాకు ఇప్పటికీ టెన్షనే. ఏ యాప్‌లోనైనా అంకెల పాఠం ఒక రోజులో దాటించేస్తారు. మీరు మాత్రం అక్కడే పది రోజులు ఉండండి. రోడ్డు మీద కనపడిన కారు నంబర్లన్నీ చదవండి.

[స్క్రీన్ మీద: ఏ కోర్సు?]

కోర్సుల విషయానికొస్తే, డుయోలింగోతో మొదలుపెట్టడం తప్పు కాదు. రోజూ కూర్చునే అలవాటు చేస్తుంది, మాటలు వస్తాయి. కానీ అది నేర్పేది ఇంగ్లిష్ నుంచి, అందులోనూ తాపీగా తెర మీద నొక్కుకుంటూ పోవడం. కొట్లో మనిషి ఎదురుగా నిలబడితే ఆ నొక్కుడు పనికిరాదు. రెండు నెలల తర్వాత దాన్ని పక్క వాయిద్యం చేసుకోండి. గ్రోనింగెన్ యూనివర్సిటీ వాళ్ళు ఫ్యూచర్‌లెర్న్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో పెట్టిన పరిచయ కోర్సు చిన్నది, ఉచితంగా మొదలుపెట్టొచ్చు. ఈ భాష నాకు పడుతుందా లేదా చూసుకోవడానికి అది చాలు.

నాకు బాగా పనికొచ్చింది డెల్ఫ్ట్ మెథడ్. డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల కోసం పుట్టిన పద్ధతి ఇది. సూత్రాలతో మొదలుపెట్టరు. ఒక చిన్న పాఠం, దాని ఆడియో, తర్వాత అదే పాఠం ఖాళీలతో. నేను చేసింది ఇది: అరపేజీ పాఠాన్ని పుస్తకం చూస్తూ మూడుసార్లు వినడం. తర్వాత పుస్తకం మూసేసి, గొంతు వెనకాలే నేనూ అనుకుంటూ పోవడం, ఒక అర సెకను తేడాతో, భజనలో ముందువాళ్ళని అందుకున్నట్టు. ఎక్కడ నోరు ఆగిందో అక్కడ పెన్సిల్‌తో గీత. మరుసటి రోజు ఆ గీతల దగ్గరే పని. ఒక పాఠానికి మూడు రోజులు పట్టేది. అయితే ఈ పద్ధతి క్లాసులో మాట్లాడతారనే నమ్మకంతో తయారైంది. ఇంట్లో ఒక్కళ్ళం చేస్తే ఆ సగం మనకి దక్కదు. ఆ లోటు తీర్చుకోవడానికి ఊరి లైబ్రరీకి వెళ్ళండి. చాలా లైబ్రరీల్లో భాషా కేఫ్ అని వారానికోసారి పెడతారు. స్థానికులే వచ్చి కాఫీ తాగుతూ మాట్లాడతారు, డబ్బు అడగరు.

చెవికి అలవాటు కావాలంటే పిల్లల వార్తలు చూడండి. ఇక్కడి పబ్లిక్ టీవీ సంస్థ ఎన్‌ఓఎస్ వాళ్ళ యొఖ్త్‌జూర్నాల్ 1981 నుంచి వస్తోంది. పిల్లలకి కాబట్టి వాక్యాలు పొట్టిగా, తేటగా ఉంటాయి. డచ్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, ఇంగ్లిష్‌వి వద్దు.

పరీక్ష కోసం నేర్చుకునేవాళ్ళు ముందు ఇక్కడి ఇమిగ్రేషన్ శాఖ ఐఎన్‌డీ వెబ్‌సైట్‌లో మీ కేసుకి ఏ లెవెల్ కావాలో చూసుకోండి. ఈ రూల్స్ మారుతుంటాయి, వాట్సాప్ గ్రూపు మాట నమ్మకండి. మాదిరి పరీక్షలు ప్రభుత్వ ఇన్‌బుర్ఖెరెన్, అంటే వలస వచ్చినవాళ్ళ పరీక్షల, సైట్‌లో ఉచితంగా ఉన్నాయి.

ఇంగ్లిష్ పోలికలు కొన్నిచోట్ల ముంచుతాయి, అది కూడా చెప్పేస్తాను. మా వాడి టీచర్ ఒకరోజు వాణ్ణి చూపించి "స్లిమ్" అంది. అన్నం సరిగా తినట్లేదని చెప్తోందేమో అనుకుని, రాత్రి బలవంతంగా ఇంకో రెండు ముద్దలు పెట్టాను. డచ్‌లో స్లిమ్ అంటే తెలివైనవాడని.

[స్క్రీన్ మీద: సూపర్‌మార్కెట్ కౌంటర్]

చివరిది, కౌంటర్ దగ్గర. మీ మొదటి డచ్ సంభాషణ ఇక్కడే జరుగుతుంది. "విల్త్ ఊ ద బోన్?" బిల్లు కావాలా అని. "నే, దాంక్ ఊ." అక్కర్లేదు, థాంక్స్. "ఫెయ్‌నె దాఖ్!" రోజు బాగా గడవాలని. పది సెకన్లు, అంతే. రోజూ ఒకే వరసలో వస్తుంది కాబట్టి మూడో రోజుకి మీ నోరు దానంతటదే పలుకుతుంది. మిషన్ కౌంటర్లు వదిలేసి మనిషి ఉన్న వరసలో నిలబడండి, కాస్త ఆలస్యమైనా సరే.

చిక్కేమిటంటే మన యాస వినగానే వాళ్ళు ఇంగ్లిష్‌లోకి దిగిపోతారు. మర్యాద కోసమే. దానికి ఒక వాక్యం పట్టుకోండి: "మాఖ్ ఇక్ నేదర్‌లాంత్స్ మెత్ ఊ ఊఫెనెన్?" మీతో డచ్ ప్రాక్టీస్ చేయొచ్చా? నేను దీన్ని వారం రోజులు అద్దం ముందు చెప్పుకుని, శనివారం సంతలో చీజ్ అమ్మే ఆయన్ని అడిగాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఆఫ్ కోర్స్, నో ప్రాబ్లమ్!" అన్నాడు. ఒక క్షణం ఆగి, తనే పగలబడి నవ్వి, పక్కనున్న గిరాకీకి కూడా చెప్పి, ఆ చీజ్ ఎక్కడ చేస్తారో, ఎన్ని నెలలు మాగబెడతారో మొత్తం డచ్‌లో చెప్పాడు. సగం అర్థమైంది. అరకిలో కొనాల్సొచ్చింది.