యసోథాన్‌లో జువ్వలు చూడ్డానికి వెళ్తున్నారా, ఎంత దూరంలో నిలబడతారు?

అందరికీ నమస్కారమండి. ఆదివారం పూట కూడా బ్యాంకాక్‌లో మనవాళ్ళు ఇంతమంది కూడినందుకు చాలా సంతోషం. ఈ మే నెలలో బున్ బాంగ్ ఫై, అంటే జువ్వల పండగ చూడ్డానికి యసోథాన్ వెళ్దామని కొందరు అప్పుడే వ్యాన్లు మాట్లాడేసుకున్నారట, పిల్లల్ని కూడా తీసుకెళ్తారు కదా, అందుకే నాలుగు మాటలు చెప్దామని వచ్చాను.

వెళ్ళొద్దని మాత్రం చెప్పను. ఇసాన్, అంటే ఈశాన్య థాయ్‌లాండ్ రైతులకి అది వాన పండగ. కప్పల రాజు ఆకాశంలో ఉండే వాన దేవుడు పాయా థేన్‌తో యుద్ధం చేసి గెలిచాడని, ఏటా జువ్వలు పైకొదిలితే అవి చూసి పాయా థేన్ వాన పంపిస్తాడని వాళ్ళ కథ. వానలు పడకపోతే కప్పతల్లిని ఊరంతా ఊరేగించే మనకి ఈ కథ కొత్తగా ఏమీ అనిపించదు. శనివారం ఊరేగింపు, ఆదివారం పాయా థేన్ పార్కులో జువ్వలు వదలడం. ఊరేగింపుతో పేచీ లేదు, నేను మాట్లాడేదంతా ఆదివారం గురించే.

అవి మన దీపావళి తారాజువ్వల్లాంటివే అనుకుని వెళ్తే మోసపోతారు. ఒక్కో దాంట్లో మందు ఒక కిలో నుంచి మొదలై 12 కిలోలు, 120 కిలోల దాకా ఉంటుంది, పెద్దవి ఎంత పైకి పోతాయంటే విమానాలకి అడ్డం రాకుండా ముందే పర్మిషన్ తీసుకోవాలి. ఒకప్పుడు వెదురు బొంగు వాడేవాళ్ళు, ఇప్పుడు ఎక్కువగా పీవీసీ పైపు. సూరేకారం, బొగ్గు పొడి కలిపిన మందుని గొట్టంలో గట్టిగా దట్టించి మధ్యలో నిలువునా రంధ్రం తొలుస్తారు, ఆ రంధ్రం గోడల వెంబడే మందు కాలి గ్యాస్ కిందికి తన్నుకొస్తుంది, జువ్వ పైకి లేస్తుంది. మందు ఎక్కడైనా సరిగ్గా కూరకపోయినా, లోపల సన్నని పగులు వచ్చినా, మంట ఆ పగుల్లోకి దూరి ఒక్కసారిగా బోలెడంత మందు అంటుకుంటుంది, ఆ ప్రెషర్‌కి కింద దారి చాలక గొట్టమే పేలిపోతుంది. బయట రంగు కాగితాలూ నాగుపాము బొమ్మలూ చూసి లోపల పగులుందో లేదో ఎవ్వరూ చెప్పలేరండీ, ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న చెయ్యి అయినా సరే. 1999 మేలో 120 కిలోల జువ్వ ఒకటి లేచిన రెండు సెకన్లకే, 50 మీటర్ల ఎత్తులో పేలి నలుగురు చనిపోయారు, 11 మందికి దెబ్బలు తగిలాయి. రెండు సెకన్లలో ఎవరు ఎక్కడికి పరిగెత్తగలరు చెప్పండి? అందుకే నిప్పు పెట్టకముందే దూరంగా ఉండాలంటున్నాను. తాడు కట్టిన చోట ముందు వరసలో ఫోన్ పట్టుకుని నిలబడే వాళ్ళని చూస్తే నాకు గుండె దడగా ఉంటుంది. వెనక్కి రండి, ఆకాశంలోకి పోయేది వెనక నుంచి కూడా కనిపిస్తుంది. కాలిపోయిన గొట్టం, పొడుగాటి వెదురు తోక మళ్ళీ కిందికే వస్తాయి కాబట్టి గాలి ఎటు వీస్తుందో చూసుకుని ఆ వైపు కూర్చోకండి. ఒత్తి అంటించాక జువ్వ లేవకపోతే అస్సలు కదలొద్దు, ఆరిపోయిందనుకుని దగ్గరికెళ్ళే టైమ్‌లోనే లోపల నిప్పు రాజుకుంటూ ఉండొచ్చు.

ఈ దూరం లెక్క పండగ రోజుకే కాదు. 2023 జులై 29న దక్షిణ థాయ్‌లాండ్ నరాథివాట్‌లో మూనో అనే ఊళ్ళో బాణసంచా గోడౌన్ పేలింది, వెల్డింగ్ పని జరుగుతుంటే నిప్పు అంటుకుంది. అది జనం మధ్యలో, మార్కెట్ పక్కన, ఇళ్ళని ఆనుకుని ఉన్న గోడౌన్. 12 మంది పోయారు, వందమందికి పైగా గాయపడ్డారు, వందల ఇళ్ళు దెబ్బతిన్నాయి. ఆరు నెలలు తిరక్కుండానే 2024 జనవరి 17న సుఫన్ బురిలో బాణసంచా ఫ్యాక్టరీ పేలి 23 మంది చనిపోయారు, చైనీస్ న్యూ ఇయర్ దగ్గరికొస్తున్న రోజులవి. అది పొలాల మధ్యలో ఉంది కాబట్టి చుట్టుపక్కల ఊళ్ళు బతికిపోయాయి, లోపల పనిచేసేవాళ్ళకి మాత్రం ఆ దూరం లేదు. మన దగ్గర 2025 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో ఎనిమిది మంది పోయింది కూడా బాణసంచా తయారీలోనే. మనం పది నిమిషాలు చూసి చప్పట్లు కొట్టేదాన్ని ఎవరో కూలీ నెలల తరబడి చేత్తో కూరి పెడతాడు, అది నాకు మరుపు రాదు.

నవంబర్‌లో లోయ్ క్రథాంగ్ వస్తుంది, మన కార్తీక పౌర్ణమి రోజుల్లోనే. నీళ్ళలో దీపం వదలడం మనకి అలవాటే, ఒడ్డు జారుడుగా ఉంటుంది, పిల్లల చెయ్యి పట్టుకోండి చాలు. చియాంగ్ మాయ్‌లో మంట వెలిగించి గాల్లోకి వదిలే కాగితపు ఆకాశ దీపాల సంగతి వేరు, అవి ఎక్కడ దిగుతాయో మన చేతుల్లో ఉండదు, ఒక్కోసారి మంట ఆరకుండానే చెక్క ఇంటి కప్పు మీదో కరెంటు తీగల మీదో పడతాయి. వాటి కోసం ఏటా ఆ ఎయిర్‌పోర్ట్‌లో బోలెడు విమానాలు క్యాన్సిల్ చేస్తారు. పర్మిషన్ ఇచ్చిన చోట, ఇచ్చిన టైమ్‌లోనే వదలండి, హోటల్ డాబా మీద నుంచి వద్దు.

ఫుకెట్ శాకాహార పండగలో అయితే పల్లకీల మీదే టపాకాయల దండలు కాలుస్తారు, పొగలో ఎదురుగా ఎవరున్నారో కూడా కనపడదు. నైలాన్ బట్టలు వేసుకోకండి, కాలితే ఒంటికి అతుక్కుపోతాయి. కాటన్ వేసుకోండి, కళ్ళజోడు, చెవుల్లో దూది పెట్టుకోండి. చంటిపిల్లల్ని అసలు తీసుకెళ్ళొద్దు.

ఎవరికైనా కాలిందనుకోండి, కుళాయి నీళ్ళ కింద 20 నిమిషాలు ఉంచండి, ఐస్ వద్దు, టూత్‌పేస్ట్ వద్దు, ఇంక్ వద్దు, మా అమ్మమ్మ పసుపు పెట్టేదండీ అంటే కూడా వద్దు. కంట్లో ఏదైనా గుచ్చుకుంటే నలపకండి, నీళ్ళు కొట్టకండి, పేపర్ కప్పు ఒకటి కంటి మీద తగలకుండా బోర్లించి పట్టుకుని హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి. అంబులెన్స్‌కి 1669, టూరిస్ట్ పోలీస్‌కి 1155, ఫోన్లు తీసి ఇప్పుడే సేవ్ చేసుకోండి, నేను ఆగుతాను. యసోథాన్ వెళ్ళే వ్యాన్ల వాళ్ళు మీటింగ్ అయ్యాక ఒకసారి నా దగ్గరికి రండి, పార్కులో ఎక్కడ దిగాలో, ఎక్కడ కూర్చోవాలో మ్యాప్‌లో చూపిస్తాను.