మూడు పెన్నీల పంతం

అమ్మాయి: నమస్తే అండీ. ఈ వారం మైకు ముందు మా బాబాయ్ ఉన్నాడు. ముప్ఫై ఏళ్లు రిజిస్ట్రారాఫీసు ఎదురుగా కూర్చుని దస్తావేజులు రాశాడు. బ్రిటిషు వాళ్ల మీద అమెరికా వలసలు ఎందుకు తిరగబడ్డాయో చెప్పడానికి దస్తావేజు లేఖరి ఏంటని అడక్కండి. తనే వస్తానన్నాడు.

బాబాయ్: ఏంటేమిటే! ఆ గొడవ ముదిరిందే స్టాంపు కాగితం దగ్గర. 1765 మార్చిలో లండన్ పార్లమెంటు చట్టం చేసింది, నవంబరు 1 నుంచి అమలు. దస్తావేజు రాయాలన్నా, కోర్టులో కాగితం వెయ్యాలన్నా, సారా లైసెన్సు కావాలన్నా, పత్రిక అచ్చెయ్యాలన్నా ముద్ర పడ్డ కాగితమే కొనాలి. డిగ్రీ పట్టాకి రెండు పౌండ్లు. పేకముక్కల కట్టకి ఒక షిల్లింగు, పాచికల జతకి పది.

అమ్మాయి: పాచికలక్కూడానా?

బాబాయ్: అదే చూడు. లాయర్లు, పత్రికల వాళ్లు, సారా కొట్ల వాళ్లు. ఊళ్లో నోరున్న వాళ్లందర్నీ ఒకే చట్టంతో కదిపారు. పైగా పన్ను ఇంగ్లండు నాణెంలోనే కట్టాలి, అక్కడేమో ఆ నాణేలకే కరువు. స్టాంపులు అమ్మడానికి బోస్టన్‌లో ఆండ్రూ ఆలివర్‌ని పెట్టారు. ఆగస్టు 14 పొద్దున్నే ఓ పెద్ద చెట్టుకి ఆయన దిష్టిబొమ్మ వేలాడుతోంది. ఆ రాత్రి ఇంటి మీద పడ్డారు. మర్నాడే ఆ పని నాకొద్దన్నాడు పాపం. నవంబరు 1 వచ్చేసరికి ఆ కాగితం అమ్మే మనిషి దాదాపు ఎక్కడా మిగల్లేదు.

అమ్మాయి: నేనూ ఓ వెండర్ దగ్గర వంద రూపాయల స్టాంపు పేపరుకి నూట యాభై ఇచ్చాను బాబాయ్. ఎవరి బొమ్మా కట్టలేదు.

బాబాయ్: (నవ్వు) అది వేరే కథ, ఇక్కడొద్దు.

అమ్మాయి: లండన్ వాళ్ల వైపూ ఓ మాట చెప్పాలిగా. ఫ్రాన్సుతో ఏడేళ్ల యుద్ధం 1763లో ముగిసేసరికి అప్పు 12 కోట్ల పౌండ్లు దాటింది. అమెరికాలో దాదాపు పదివేల మంది సైన్యాన్ని ఉంచుదామనుకున్నారు. మీ కాపలా ఖర్చులో కొంత మీరే పెట్టుకోండి అన్నారు. తప్పేముంది?

బాబాయ్: తప్పులేదు, అడిగిన తీరులో ఉంది. పార్లమెంటులో వాళ్ల మనిషి ఒక్కడూ లేడు. అప్పటిదాకా వాళ్ల పన్నులు వాళ్ల సభలే వేసుకునేవి. ఆస్తి నీది, సంతకం నాదంటే ఊరుకుంటారా? మాటకి మొలాసిస్ తీసుకో, చక్కెర తీశాక మిగిలే పాకం. 1764లో దాని మీద సుంకం గాలనుకి ఆరు పెన్నీల నుంచి మూడుకి తగ్గించారు. దానికీ గొడవే!

అమ్మాయి: తగ్గిస్తే గొడవేంటి?

బాబాయ్: ఆరున్నప్పుడు ఎవడు కట్టాడే? దొంగసరుకు దర్జాగా దిగేది. మూడు చేసి, ఈసారి వసూలు చేస్తామన్నారు. పట్టుబడితే జ్యూరీ, అంటే తీర్పు చెప్పే ఊరి జనం, లేని కోర్టు. అమెరికా వాళ్లేమీ సత్యహరిశ్చంద్రులు కారులే. స్వేచ్ఛ స్వేచ్ఛ అని అరిచిన ఆ వలసల్లోనే అయిదుగురిలో ఒకరు బానిస.

అమ్మాయి: స్టాంపు చట్టం ఏడాదికే రద్దయింది కదా?

బాబాయ్: 1766 మార్చిలో. అదే రోజు ఇంకో చట్టం కూడా చేశారు: ఏ విషయంలోనైనా మీ మీద చట్టం చేసే హక్కు మాకుంది అని. కాగితం చింపేసి హక్కు దాచుకున్నారన్నమాట. 1767లో గాజు, సీసం, రంగులు, కాగితం, తేయాకు మీద సుంకాలు వేశారు. జనం ఆ సరుకు కొనడం మానేస్తే 1770లో అన్నీ ఎత్తేసి తేయాకు మీద మాత్రం ఉంచారు. పౌను బరువుకి మూడు పెన్నీలు. దాంతో ఖజానా నిండదు, పంతం నెగ్గాలంతే.

అమ్మాయి: ఇక్కడికి మన ఈస్టిండియా కంపెనీ వచ్చేస్తుంది.

బాబాయ్: "మన" అనకు, ఒళ్లు మండుతుంది! ఆలివర్ బొమ్మ కట్టడానికి సరిగ్గా రెండ్రోజుల ముందు, 1765 ఆగస్టు 12న, బెంగాల్ దివానీ, అంటే శిస్తు వసూలు హక్కు, వాళ్ల చేతికొచ్చింది. మన ఉత్తర సర్కారులకి ఫర్మానా, అదే మొగలు బాదుషా హుకుం, కూడా అప్పుడే. రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి అన్నీ అందులోనే. అంత తిన్నా 1772కి దివాలా అంచున పడింది. గోదాముల్లో కోటీ డెబ్బై లక్షల పౌన్ల తేయాకు. చైనా సరుకది, మన అస్సాం టీ అనుకునేరు. ఆ కంపెనీని గట్టెక్కించడానికే 1773 తేయాకు చట్టం. కంపెనీయే నేరుగా అమెరికాలో అమ్ముకుంటుంది, ధర దొంగసరుకుతో పోటీపడేంత దిగుతుంది, ఆ మూడు పెన్నీలు మాత్రం అలాగే ఉంటాయి.

అమ్మాయి: చవగ్గా వస్తున్న టీని సముద్రంలో పోశారు!

బాబాయ్: చవగ్గా వస్తే కొంటారు, కొంటే సుంకం ఒప్పుకున్నట్టే. సంతకం పెట్టించే ఎత్తది. బోస్టన్‌లో సుంకం కట్టకుండా ఓడ వెనక్కెళ్లడానికి గవర్నర్ హచిన్సన్ ఒప్పుకోలేదు. సుంకం కట్టే గడువు తెల్లారితే అయిపోతుందనగా, డిసెంబరు 16 రాత్రి జనం మోహాక్ అనే అక్కడి ఆదివాసీల వేషాలేసుకుని మూడు ఓడలెక్కారు. 342 పెట్టెలు గొడ్డళ్లతో పగలగొట్టారు. ఆటుపోటు సమయం చూసుకోలేదు, నీళ్లు తీసి ఉన్నాయి. తేయాకు మునగదే! గడ్డివాములా పోగుపడుతుంటే కుర్రాళ్లు దిగి నెట్టాల్సొచ్చింది.

అమ్మాయి: దానికి శిక్షగా ఊరి రేవు మొత్తం మూసేశారు.

బాబాయ్: తేయాకు డబ్బు కట్టేదాకా తెరిచేది లేదన్నారు. బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ వలస సభ అధికారాలూ కోసేశారు. బోస్టన్‌ని ఒంటరి చేద్దామనుకుంటే, 1774 సెప్టెంబరులో పన్నెండు వలసలు ఫిలడెల్ఫియాలో కలిసి కూర్చున్నాయి. 1775 ఏప్రిల్ 19న బోస్టన్ దగ్గర లెక్సింగ్టన్‌లో బ్రిటిషు సైన్యానికీ వాళ్లకీ మధ్య తుపాకులు పేలాయి. అప్పటికీ చాలామందికి విడిపోవాలని లేదు, రాజుగారికి అర్జీలు పెడుతూనే ఉన్నారు.

అమ్మాయి: ఆ మూడు పెన్నీలు చివరికి తీసేశారా?

బాబాయ్: తీసేశారు. 1778లో. ఇక ఆదాయం కోసం మీ మీద పన్నులు వెయ్యబోమని పార్లమెంటు చట్టం చేసి, రాయబారుల్ని ఓడెక్కించింది. ఈలోపు అమెరికా వాళ్లు ఫ్రాన్సుతో ఒప్పందం రాసేసుకున్నారు. మా ఆఫీసులో ఇలాంటివి ఎన్ని చూశానో. తాకట్టు గడువు దాటాక, ఇల్లు ఇంకొకరి పేరున రిజిస్టరయ్యాక, మూట పట్టుకుని పరిగెత్తుకుంటూ వస్తారు.