'పారానార్మన్'ను మరోసారి చూడవలసిన కారణం

సభకు నమస్కారం. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రానికి చెందిన లైకా స్టూడియో నిర్మించగా 2012లో విడుదలైన యానిమేషన్ సినిమా 'పారానార్మన్' పోస్టరు చూసినవారు దాన్ని పిల్లల జాంబీ కామెడీ అనుకోవడం సహజమే. సినిమా మొదటి సగం కూడా ఆ అభిప్రాయాన్నే బలపరుస్తుంది. చనిపోయినవారితో మాట్లాడగలిగిన పదకొండేళ్ల నార్మన్‌ను ఇంట్లో తండ్రి నమ్మడు, బడిలో తోటివారు వెక్కిరిస్తారు, ఇంతలో మూడు వందల ఏళ్లనాటి మంత్రగత్తె శాపం వల్ల ఏడుగురు మృతులు సమాధుల్లోంచి లేచి వస్తారు.

అయితే ఆ మృతులు ఊళ్లోకి అడుగుపెట్టగానే కథ తిరగబడుతుంది. తుపాకులూ కర్రలూ పట్టుకుని వెంటపడుతున్న జనాన్ని చూసి జాంబీలే వణికిపోతారు. వాళ్లు ఒకప్పటి న్యాయమూర్తి, సాక్షులు. వాళ్లు మంత్రగత్తె అని ముద్రవేసి ఉరితీయించిన అగాథా, నార్మన్ వంటి శక్తే ఉన్న, నార్మన్ వయసే ఉన్న పసిపిల్ల. ఇది కేవలం కల్పన అనుకోవడానికి వీల్లేదు. 1692లో మసాచుసెట్స్‌లోని సేలంలో మంత్రవిద్య నేరం మోపి 19 మందిని ఉరితీశారు, నాలుగైదేళ్ల డొరొతీ గుడ్‌ను నెలల తరబడి సంకెళ్లతో జైల్లో ఉంచారు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు ఇప్పటికీ చదువుతున్న తెలుగువాళ్లకు ఆ గుంపు ముఖాలు పరాయివిగా తోచవు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది పతాక సన్నివేశం. ఏటా ఎవరో ఒకరు అగాథా సమాధి దగ్గర నిద్రపుచ్చే కథ చదివి ఆమె కోపాన్ని మరో ఏడాదికి వాయిదా వేయడమే అంతవరకూ జరిగింది. నార్మన్ ఆ పుస్తకాన్ని పక్కనపెట్టి, ఆమెకు ఆమె కథనే చెబుతాడు. ఆమెకు జరిగింది ఘోరమని ఒప్పుకుంటూనే, పగతో ఆమె కూడా తనను చంపినవారిలా మారిందని మొహం మీదే అంటాడు. బాధితురాలి మీద అంత జాలి, ఆమె చేష్టల పట్ల అంత నిక్కచ్చితనం ఒకే మాటల్లో ఇమిడిన పిల్లల చిత్రాలు అరుదు.

ఆ సంభాషణ నిలబడిందంటే సాంకేతికత కూడా కారణమే. స్టాప్ మోషన్‌లో బొమ్మను ఫ్రేము ఫ్రేముకూ చేత్తో కదిలిస్తారు, భావం మారినప్పుడల్లా ముఖాన్నే మారుస్తారు. రంగులతో సహా ముద్రించే త్రీడీ ప్రింటర్లను ఈ పనికి వాడడంతో నార్మన్ ఒక్కడికే 8,000కు పైగా ముఖాలు తయారయ్యాయి. కనుబొమ్మ కాస్త ముడివడటం, పెదవి వణకడం దాకా పట్టుబడ్డాయి.

మధ్యలో వ్యాను వెంటాడే ఘట్టం సాగదీసినట్టుందని, కొన్ని జోకులు మొరటుగా ఉన్నాయని ఒప్పుకోవాలి. బాగా చిన్నపిల్లలకు చూపించేటప్పుడు, ముఖ్యంగా అగాథా ఆగ్రహించే చోట, పెద్దలు పక్కన కూర్చోవడం మంచిది.